మిగతా ముప్పై మంది

టీనేజీ పిల్లల మధ్య వేధింపులను ఇద్దరి గొడవగా చూసినంత కాలం అవి ఆగవు. అమ్మానాన్నలు వలసలో, పిల్లలు హాస్టల్లో ఉండే, పాత మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాలోని ఉప్పునుంతల లాంటి మండలాల్లో ఈ సంగతి ఇంకా తేటగా కనిపిస్తుంది.

"అమ్మా, వాళ్ళు ఊకె ఎక్కిరిస్తుండ్రు" అని ఎనిమిదో తరగతి పిల్లవాడు ఇంటికొచ్చి చెప్తే, పాలమూరు ఇళ్ళల్లో వచ్చే జవాబులు మూడు. "పట్టించుకోకు బిడ్డా, వాళ్ళే ఊకుంటరు" అంటుంది అమ్మ. "నీకు చేతుల్లేవా? నువ్వు గూడ ఒక్కటియ్యి" అంటాడు నాయిన. ఇంకాస్త తీరికుంటే "సార్‌కు చెప్పు" అంటారు. మూడూ ప్రేమతో చెప్పేవే. కానీ ఆ పిల్లవాడు మూడింటినీ అప్పటికే చేసి చూసి ఉంటాడు. పట్టించుకోనట్టు తల వంచుకుని కూర్చుంటే, ఏడుపు వచ్చేదాకా వాళ్ళు వదల్లేదు. ఎదురు తిరిగితే అవతల నలుగురున్నారు. సార్‌కు చెప్తే, సార్ ఇద్దర్నీ నిలబెట్టి చెరొకటి తగిలించి చేతులు కలిపించారు. ఆ సాయంత్రం గేటు దాటగానే "సార్‌కు చెప్తవారా?" అని ఇంకో రెండు పడ్డాయి.

అక్కడితో పిల్లవాడు చెప్పడం మానేస్తాడు. ఇంట్లోవాళ్ళు గొడవ సద్దుమణిగిందనుకుంటారు. అసలు ముదిరేది అప్పుడే.

పిల్లలన్నాక తిట్టుకుంటారు, జుట్లు పట్టుకుంటారు, మర్నాడు ఒకే సైకిల్ మీద బడికి పోతారు. ఆ గొడవలో ఇద్దరి బలం ఇంచుమించు ఒకటే. ఈ రోజు ఒకడు గెలిస్తే రేపు ఇంకొకడు. ఈ కథనం చెప్తున్నది దాని గురించి కాదు. స్వీడన్‌లో పుట్టి నార్వేలోని బెర్గెన్‌లో పనిచేసిన మనస్తత్వవేత్త డాన్ ఓల్వియస్ 1970ల నుంచి ఈ తేడా మీదే పరిశోధన సాగించాడు. కావాలని బాధపెట్టడం, అదే పిల్లవాడిని మళ్ళీ మళ్ళీ బాధపెట్టడం, ఆ పిల్లవాడికి తనను తాను కాపాడుకునే బలం లేకపోవడం. ఈ మూడూ కలిస్తే అది వేధింపు. బలమంటే కండబలమే కాదు. వయసు, కులం, స్నేహితుల గుంపు, మాటకారితనం, ఆఖరికి క్లాస్ లీడర్ పదవి కూడా బలమే. ఈ మూడో లక్షణాన్ని మరిచిపోయే పెద్దవాళ్ళే "ఇద్దరిదీ తప్పే, చేతులు కలపండి" అంటారు. బలం సమానంగా లేని చోట చేతులు కలిపిస్తే, బలహీనుడి చెయ్యి మళ్ళీ బలవంతుడి చేతిలోకే పోతుంది.

1982 చివర్లో ఉత్తర నార్వేలో ముగ్గురు అబ్బాయిలు ప్రాణాలు తీసుకున్నారు. తోటి విద్యార్థుల వేధింపులే కారణం కావచ్చని తెలిసి దేశమంతా కదిలిపోయింది. 1983లో ప్రభుత్వం బడులన్నింటిలోనూ కార్యక్రమం మొదలుపెట్టింది. బెర్గెన్‌లో 42 బడుల్లో సుమారు 2,500 మంది పిల్లలను గమనించిన ఓల్వియస్, రెండేళ్ళలో వేధింపులు దాదాపు సగానికి తగ్గాయని చూపించాడు. అంటే ఇది వయసుతో పాటు రాక తప్పని జాడ్యం కాదు. పెద్దవాళ్ళు పూనుకుంటే తగ్గుతుంది. యునెస్కో 2019లో వివిధ దేశాల లెక్కలు కలిపి చూసినప్పుడు, దాదాపు ప్రతి ముగ్గురిలో ఒక విద్యార్థి అంతకుముందు నెలలో కనీసం ఒక్కసారి వేధింపుకు గురైనట్టు తేలింది.

పెట్టె పట్టుకుని హాస్టల్‌కు

హైదరాబాద్–శ్రీశైలం రహదారి మీద వెల్టూరు గేటు, చెన్నారం గేటు దాటి పోయేవాళ్ళకు ఉప్పునుంతల ఒక పేరుబోర్డు మాత్రమే. అచ్చంపేట నియోజకవర్గంలోని ఈ మండలం 2016 అక్టోబర్ 11న నాగర్‌కర్నూల్ జిల్లా ఏర్పడేదాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. ఒకవైపు దుందుభి వాగు, ఆవల నల్లమల అంచు, మధ్యలో వానను నమ్ముకున్న పత్తి చేలు, పల్లి చేలు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా అక్కడ మట్టి మోసిన "పాలమూరు లేబర్" ఇలాంటి ఊళ్ళవాళ్ళే. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్ళు జిల్లాలో కొన్ని చేలకు వచ్చాక వలస తగ్గింది గానీ ఆగలేదు. హైదరాబాద్, పుణె, ముంబై, బెంగళూరులలో కట్టే ఇళ్ళ దగ్గర ఈ యాస ఇప్పటికీ వినిపిస్తుంది.

పెద్దలు పోతే పిల్లలు ఎక్కడుంటారు? అవ్వ దగ్గరో, హాస్టల్లోనో. తెలుగు నేల మీద గురుకులాల కథ 1971 నవంబర్ 23న, పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైంది. బడి మానేసిన ఆడపిల్లల కోసం 2004లో కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల పథకం వచ్చింది. వలసపోయే తల్లిదండ్రులు పిల్లల్ని వెంట తీసుకుపోకుండా ఈ జిల్లాలో సీజనల్ హాస్టళ్ళు కూడా నడిపారు. ఇవి లేకపోతే ఈ పిల్లలు ఇటుకబట్టీల దగ్గర తమ్ముళ్ళను ఎత్తుకుని నిలబడేవాళ్ళు. ఆ మేలును తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. కానీ ఇంటి నుంచి బడికి వెళ్ళే పిల్లవాడికి సాయంత్రం నాలుగున్నర తర్వాత దొరికే విడుదల, హాస్టల్ పిల్లవాడికి దొరకదు. పగలు ఎక్కిరించినవాడే రాత్రి పక్క మంచం మీద ఉంటాడు.

హాస్టళ్ళలో పనిచేసినవాళ్ళకు ఇవి తెలియనివి కావు. స్టడీ అవర్ అయిపోయి లైట్లు ఆర్పేదాకా ఉండే సమయం, తెల్లవారుజామున స్నానాల గదుల దగ్గర వరుస, మెస్‌లో పళ్ళెం పట్టుకుని నిలబడే పది నిమిషాలు. పెద్ద తరగతి పిల్లలు చిన్నవాళ్ళతో బట్టలు ఉతికించుకునేది, బకెట్ నీళ్ళు మోయించేది, ఇంటి నుంచి వచ్చిన సకినాలు, మురుకులు పెట్టె తాళం తీయించి తినేది ఆ వేళల్లోనే. "అన్న చెప్పిండు, చెయ్యాలె" అంటారు చిన్నవాళ్ళు. 'అన్న' అనే పిలుపులో ఉన్న చనువే ఆ పెత్తనానికి పట్టా అవుతుంది.

ఇంకో కారణం కూడా పిల్లల నోరు కట్టేస్తుంది. అమ్మకు ఫోన్ చేసి చెప్తే, అమ్మ పుణెలో పని విడిచి రావాలి. రానూపోనూ ఛార్జీలు, పోయిన కూలీ, మేస్త్రీతో మాటలు. పన్నెండేళ్ళ పిల్లకు ఈ లెక్క తెలుసు. అవ్వకు చెప్తే అవ్వ రాత్రంతా నిద్రపోదు. అందుకే "మంచిగనే ఉన్న" అంటుంది. ఆ మాట విని తల్లి ఊపిరి పీల్చుకుంటుంది.

దేనికి ఎక్కిరిస్తారు? రంగుకు, ఎత్తుకు, నత్తికి, లావుకు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పళ్ళ మీద పడిన గోధుమరంగు చారలకు. తండా నుంచి వచ్చిన పిల్ల ఇంట్లో మాట్లాడే భాషకు. ముంబైలో రెండేళ్ళు తిరిగి వచ్చి, తనకన్నా చిన్నవాళ్ళతో ఆరో తరగతిలో కూర్చున్న పిల్లవాడికి చదవడం రాకపోవడానికి. నల్లమల నుంచి వచ్చిన చెంచు పిల్లవాడు ఎవరితోనూ మాట్లాడకపోవడానికి. నాయిన తాగుతాడని, అమ్మ ఒక్కతే ఉంటుందని. అన్నింటికీ అడుగున కులం ఉంటుంది. పెద్దవాళ్ళు రచ్చబండ దగ్గర గొంతు తగ్గించి అనే మాటను పిల్లలు తరగతిలో గట్టిగా అంటారు, అంతే తేడా. ఎస్సీ, ఎస్టీ పిల్లలను ఇతర కులాలవాళ్ళు కులం పేరుతో నలుగురిలో అవమానించడం 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. పద్నాలుగేళ్ళ పిల్లవాడికి ఆ చట్టం పేరు తెలియకపోవచ్చు. ఆ మాట అనకూడదని చెప్పాల్సిన పెద్దవాళ్ళకు తెలిసి ఉండాలి.

నవ్వేవాళ్ళు

ముప్పై ఇద్దరున్న తరగతిలో ఒకడు ఎక్కిరిస్తాడు, ఒకడు పడతాడు. మనం ఆ ఇద్దర్నే పిలుస్తాం. మిగతా ముప్పై మందిని అడగం.

ఫిన్లాండ్‌లోని తుర్కు విశ్వవిద్యాలయంలో క్రిస్టీనా సాల్మివాల్లి 1996లో ఆ మిగతావాళ్ళ గురించి ఒక పరిశోధన వెలువరించింది. వేధించేవాడి వెనుక చేతులు పట్టుకునే సహాయకులుంటారు. చుట్టూ చేరి నవ్వి హుషారెక్కించేవాళ్ళుంటారు. చూడనట్టు పక్కకు తప్పుకునేవాళ్ళుంటారు. కొద్దిమంది మాత్రం బాధపడేవాడి పక్కన నిలబడతారు. ఈ లెక్కన వేధింపు ఒక్కడి పని కాదు. నవ్వు దొరకని చోట ఎక్కిరింత ఎక్కువ రోజులు నడవదు. కెనడాలోని టొరంటోలో డెబ్రా పెప్లర్, వెండీ క్రెయిగ్ బృందం బడి మైదానాల్లో కెమెరాలు, మైకులతో పిల్లల్ని గమనించినప్పుడు, పదింట ఎనిమిదికి పైగా సంఘటనల్లో చుట్టూ తోటిపిల్లలు ఉన్నారు. వాళ్ళలో ఎవరైనా అడ్డుపడిన సందర్భాల్లో సగానికి పైగా, పది సెకన్లలోనే వేధింపు ఆగిపోయింది. కానీ అడ్డుపడ్డవాళ్ళు చాలా తక్కువ.

ఎందుకు అడ్డుపడరు? తరగతిలో ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అడిగితే, చాలామంది "నాకు మంచిగనిపియ్యలే సార్" అంటారు. మరెందుకు నవ్వావంటే, "అందరు నవ్విండ్రు" అంటారు. ప్రతివాడూ తనొక్కడికే బాధగా ఉందనీ, మిగతావాళ్ళకు సరదాగా ఉందనీ అనుకుంటాడు. పైగా నవ్వకపోతే రేపు తన వంతు వస్తుందన్న బుగులు. ఆ బుగులు నిజమైనదే కాబట్టి "ధైర్యంగా ఎదిరించండి" అని ప్రార్థన సమయంలో ఉపన్యాసమిస్తే ఫలితముండదు.

సాల్మివాల్లి బృందం తయారుచేసిన 'కివా' కార్యక్రమం 2009 నుంచి ఫిన్లాండ్‌లో చాలా బడులకు విస్తరించింది. అందులో నాకు నచ్చింది దాని నిదానం. ఫిర్యాదు రాగానే ముందు బాధపడిన పిల్లవాడితో మాట్లాడతారు. తర్వాత వేధించినవాళ్ళను ఒక్కొక్కరినే పిలుస్తారు, గుంపుగా పిలవరు. గుంపుగా వస్తే ఒకరి ముఖం చూసి ఒకరు ధైర్యం తెచ్చుకుంటారు. ఆపైన తరగతిలో మాట చెల్లుబాటయ్యే ఇద్దరు ముగ్గురు పిల్లల్ని విడిగా పిలిచి, ఆ పిల్లవాడికి తోడుండమని అడుగుతారు.

ఇందులో మన జిల్లా పరిషత్ హైస్కూల్‌లో చేయలేనిది ఏదీ లేదు. కబడ్డీ జట్టు కెప్టెన్ ఉంటాడు, గణితంలో ముందుండే అమ్మాయి ఉంటుంది, అందరితో పరాచికాలాడే పిల్లవాడు ఉంటాడు. కొట్లాడమని వాళ్ళను అడగక్కర్లేదు. మధ్యాహ్న భోజనం దగ్గర ఆ పిల్లవాడి పక్కన కూర్చోవడం, ఆటలో తన వైపు తీసుకోవడం, సాయంత్రం ఆటో దాకా కలిసి నడవడం, మారుపేరుతో పిలవకుండా అసలు పేరుతో పిలవడం. ఈ పాటి పనులు చేయమంటే టీనేజీ పిల్లలు కాదనరు. వాళ్ళకు పెద్దరికం ఇచ్చి చూడండి.

పెద్దవాళ్ళు చేయాల్సిన ఇంకో పని ఉంది, అది పిల్లల మీద తోసేయకూడనిది. మరియా టోఫీ, డేవిడ్ ఫారింగ్టన్ 2011లో 44 కార్యక్రమాల ఫలితాలను కలిపి పరిశీలించారు. మొత్తం మీద వేధింపులు సుమారు 20 శాతం తగ్గాయి. బాగా పనిచేసిన వాటిలో విరామ సమయంలో మైదానంలో పెద్దవాళ్ళ పర్యవేక్షణ, తల్లిదండ్రులతో సమావేశాలు ఉన్నాయి. వేధింపులను ఆపే పనిని తోటిపిల్లలకే అప్పగించిన పద్ధతులు కొన్ని చోట్ల బెడిసికొట్టాయి కూడా. హాస్టల్‌లో క్రమశిక్షణ భారమంతా పదో తరగతి పిల్లలకు అప్పగించే అలవాటు మనకుంది. వార్డెన్‌కు పనిభారం ఎక్కువన్నది నిజమే. అయినా స్నానాల గదుల దగ్గర తెల్లవారుజామున ఒక పెద్ద మనిషి నిలబడటానికి బదులు, పదహారేళ్ళ కుర్రాడి చేతికి కర్ర ఇవ్వడం న్యాయం కాదు.

కొట్టే పిల్లవాడి సంగతి

వాడి గురించి రాయకపోతే ఈ విషయం సగమే చెప్పినట్టు. వేధించేవాళ్ళలో కొందరు తరగతిలో బాగా చెలామణీ అయ్యేవాళ్ళు, తెలివైనవాళ్ళు. ఎవరి బలహీనత ఎక్కడుందో వాళ్ళకు ఇట్టే తెలుస్తుంది. ఇంకొందరు తాము దెబ్బలు తిన్న చోటు నుంచి వచ్చి, తమకన్నా చిన్నవాడి మీద తీర్చుకునేవాళ్ళు. అమెరికాలోని నార్త్ కరోలినాలో 1,420 మంది పిల్లలను యవ్వనం దాకా గమనించి, 2013లో విలియం కోప్‌లాండ్ బృందం వెలువరించిన పరిశోధనలో, మానసికంగా అందరికన్నా ఎక్కువ నలిగింది ఈ రెండో రకమే. దెబ్బలు తిని దెబ్బలు వేసేవాళ్ళు.

ఆ దెబ్బ మొదట ఎక్కడ పడింది? చాలాసార్లు ఇంట్లో. కొన్నిసార్లు తరగతిలోనే. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో శారీరక దండననూ, మానసిక వేధింపునూ నిషేధించింది. కర్ర కొంత తగ్గింది. నాలుక తగ్గలేదు. "మొద్దు", "గొర్రెలు కాసుకో పో", "మీ నాయినలెక్క మట్టి మోస్తవ్" అని ఉపాధ్యాయుడు ఒక్క మాట అంటే, తరగతి నవ్వితే, ఆ పిల్లవాడిని అదే మాటతో పిలిచే హక్కు ముప్పై మందికీ వచ్చేసినట్టే. వేధింపులు తగ్గించాలనుకునే బడి మొదట సరిచూసుకోవాల్సింది స్టాఫ్ రూమ్‌లో పిల్లల గురించి వాడే మాటలను. అంకితభావంతో పనిచేసే ఉపాధ్యాయులు ఈ జిల్లాలో ఎందరో ఉన్నారు. ఈ మాట వాళ్ళకే బాగా అర్థమవుతుంది.

వేధించిన పిల్లవాడిని ప్రార్థనలో అందరి ముందు నిలబెట్టి అవమానిస్తే, ఆ అవమానం సాయంత్రానికి బాధితుడి మీదికే వస్తుంది. గదిలో కూర్చోబెట్టి, ఏం జరిగిందో పేర్లతో, రోజులతో చెప్పించాలి. ఇక ముందు ఏం చేస్తాడో వాడి నోటితోనే చెప్పించి, వారం తర్వాత మళ్ళీ పిలిచి అడగాలి. ఆ రెండోసారి పిలవడం చాలాచోట్ల జరగదు. మాటిచ్చింది ఎవరూ గుర్తుపెట్టుకోలేదని వాడికి తెలిసిపోతుంది.

చట్టం ఎక్కడుంది

1996 నవంబర్‌లో తమిళనాడులోని అన్నామలై విశ్వవిద్యాలయంలో పొన్ నవరసు అనే వైద్య విద్యార్థిని సీనియర్ హత్య చేసిన తర్వాత, ర్యాగింగ్ మీద చట్టం కావాలన్న మాట దక్షిణాదిలో గట్టిగా వినిపించింది. మరుసటి ఏడాదే ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం, 1997 వచ్చింది. తెలంగాణలోనూ అదే అమల్లో ఉంది. 2015 జూలైలో ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో రిషితేశ్వరి, 2023 ఫిబ్రవరిలో వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీ విద్యార్థిని ప్రీతి చనిపోయినప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఈ చట్టం పేరు మళ్ళీ వినిపించింది. అందుకే ర్యాగింగ్ అంటే ఇంజనీరింగ్, మెడికల్ కాలేజీల సంగతి అని అందరికీ స్థిరపడిపోయింది.

చట్టం అంత ఇరుకుగా లేదు. విద్యాసంస్థ అన్న మాటలో దానికి అనుబంధంగా ఉండే హాస్టళ్ళనూ, వసతి గృహాలనూ కలిపింది. తోటి విద్యార్థిని ఏడిపించినా, అవమానించినా ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ప్రాణం పోయేదాకా తెస్తే పదేళ్ళ దాకా జైలు లేదా యావజ్జీవం. అంతకన్నా ముఖ్యమైన మాట ఇంకొకటుంది. ఫిర్యాదు అందాక విచారణ జరపకుండా వదిలేసిన సంస్థ అధిపతిని, ఆ నేరానికి ప్రోత్సాహమిచ్చినవాడిగానే చట్టం చూస్తుంది.

పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లల మీద చర్యలు 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం నడుస్తాయి. వాళ్ళను మామూలు జైలుకు పంపరు. చిన్న తప్పులకు ఎఫ్ఐఆర్ కూడా ఉండదు. అది సరైనదే. పద్నాలుగేళ్ళ పిల్లవాడిని నేరస్థుడిగా ముద్రవేయాలని నేను కోరడం లేదు. చట్టం ఉన్న సంగతి పిల్లలకన్నా పెద్దవాళ్ళను కదిలించడానికి పనికొస్తుంది. "చూద్దాం తియ్యమ్మా" అన్న హెచ్ఎంకు నోటిమాటగా కాకుండా కాగితం మీద ఫిర్యాదు రాసిచ్చి, దాని నకలు మీద సంతకం తీసుకుంటే ఆ "చూద్దాం" మారుతుంది.

ఫోన్‌లోకి చేరాక

కరోనా రోజుల్లో పాఠాల కోసం చేతికొచ్చిన ఫోన్ మళ్ళీ పెద్దవాళ్ళ దగ్గరికి పూర్తిగా పోలేదు. ఇప్పుడు తరగతికో వాట్సాప్ గ్రూపు ఉంటుంది, ఆ గ్రూపులో ఒక్కరిని మాత్రం చేర్చకుండా ఇంకో గ్రూపు ఉంటుంది. నిద్రపోతున్నప్పుడో, ఏడుస్తున్నప్పుడో తీసిన ఫొటోను స్టిక్కర్ చేస్తారు. ఆ ముఖం ఏడాది పొడవునా తిరుగుతూనే ఉంటుంది. చేతితో కొట్టినవాడికి ఎదుటి కళ్ళలో నీళ్ళు కనిపిస్తాయి. స్టిక్కర్ పంపినవాడికి అదీ కనిపించదు.

ఆడపిల్లల్లో వేధింపు ఎక్కువగా దెబ్బ రూపంలో రాదు. ఒక్కసారిగా అందరూ మాట్లాడటం మానేస్తారు. తను వస్తే మాట ఆగిపోతుంది. ఏదో అబ్బాయి పేరుతో కలిపి ఒక పుకారు పుడుతుంది. పల్లెలో ఆ పుకారు ఇల్లు చేరితే ఆ అమ్మాయి చదువే ఆగిపోవచ్చు, పెళ్ళి మాటలు మొదలుకావచ్చు. కాబట్టి తను ఇంట్లో చెప్పదు. మాట్లాడకపోవడం కూడా వేధింపేనా అనేవాళ్ళకు ఒక ప్రయోగం చెప్పాలి. నవోమి ఐసెన్‌బర్గర్ బృందం 2003లో కొందరిని స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి, కంప్యూటర్ మీద బంతి విసురుకునే ఆట ఆడించింది. కాసేపటికి మిగతా ఇద్దరు ఆటగాళ్ళు వీళ్ళకు బంతి వేయడం మానేశారు. అప్పుడు మెదడులో చురుకైన భాగాల్లో, ఒంటి నొప్పికి కలిగే వేదనతో సంబంధమున్న భాగం ఒకటుంది. ముక్కూమొహం తెలియనివాళ్ళు కాసేపు బంతి వేయకపోతేనే అంత. రోజూ కలిసి తినే స్నేహితురాళ్ళు నెల రోజులు పలకకపోతే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఫొటోలు మార్ఫింగ్ చేసి బెదిరించేదాకా వస్తే, మొదట చేయాల్సింది ఫోన్ లాక్కుని అమ్మాయిని తిట్టడం కాదు. ఆ మెసేజీలను చెరిపేయకుండా స్క్రీన్‌షాట్లు దాచిపెట్టాలి, నంబర్లు, తేదీలు రాసుకోవాలి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో పిల్లలకు సంబంధించిన ఫిర్యాదులకు ప్రత్యేక విభాగం ఉంది. తెలంగాణలో 2014లో హైదరాబాద్‌లో మొదలై తర్వాత జిల్లాలకు వచ్చిన షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు ఫిర్యాదుదారు పేరు బయటపెట్టకుండా పనిచేస్తాయి. పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళ నగ్న చిత్రాలను ఎవరు పంచినా, పంచింది తోటి విద్యార్థే అయినా, అది ఐటీ చట్టంలోని 67బి సెక్షన్, పోక్సో చట్టం కిందికి వస్తుంది. సరదాకు ఫార్వర్డ్ చేసినవాడూ అందులో ఉంటాడు. ఈ ఒక్క మాట తొమ్మిదో తరగతి అబ్బాయిలందరికీ ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి.

ఇంట్లోవాళ్ళు చేయగలిగింది

ఆదివారం సాయంత్రం కడుపునొప్పి, సెలవులు అయిపోతుంటే జ్వరం, తరచూ పోయే పెన్నులు, డబ్బులు, చిరిగిన పుస్తకాలు, ఇష్టమైన ఆట మానేయడం, స్నానానికి చొక్కా విప్పకపోవడం. ఇవి వేరే కారణాలతోనూ రావచ్చు, కానీ రెండు మూడు కలిస్తే అడగాలి. "నిన్నెవరన్న ఏమన్న అంటుండ్రా?" అని సూటిగా అడిగితే "లేదు" అంటారు. "మీ క్లాసుల అందరు ఎవర్ని ఎక్కిరిస్తరు?" అని అడిగితే మాట బయటికి వస్తుంది. తన గురించి చెప్పలేనిది వేరేవాళ్ళ గురించి చెప్తున్నట్టు చెప్తారు. మధ్యలో ఆపకుండా వినాలి. "నువ్వేం జేసినవ్ మరి?" అన్న ప్రశ్న నోటిదాకా వచ్చినా మింగేయాలి.

విన్నాక ఆవేశంతో గేటు దగ్గరికి పోయి ఆ రెండో పిల్లవాడిని పట్టుకుని కొట్టడం వల్ల ఊళ్ళో రెండు ఇళ్ళ మధ్య పగ మిగులుతుంది, పిల్లవాడికి ఒరిగేదేమీ ఉండదు. టీసీ తీసుకుని ఇంకో బడిలో వేయడం చివరి దారి కావాలి. మొదటిదే అదైతే, తప్పు తనదే కాబట్టి తనే వెళ్ళిపోతున్నానని పిల్ల అనుకుంటుంది. ఏ రోజు, ఎక్కడ, ఎవరు, చూసింది ఎవరు అన్నది ఒక నోటుబుక్‌లో రాసుకోవాలి. ముందు క్లాస్ టీచర్, తర్వాత హెచ్ఎం లేదా వార్డెన్, వాళ్ళు కదలకపోతే మండల విద్యాధికారి (ఎంఈఓ). రాయడం రానివాళ్ళు రాయించుకోవచ్చు. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఎవరైనా ఫోన్ చేయొచ్చు, పిల్లలే చేయొచ్చు, డబ్బులు పడవు. అక్కడి నుంచి విషయం జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి, అవసరమైతే బాలల సంక్షేమ సమితికి చేరుతుంది. పిల్లవాడు నిద్ర మాని, తిండి మాని, "నేను లేకపోతే మంచిగుంటది" లాంటి మాట ఒక్కసారి అన్నా దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఒంటరిగా వదలకూడదు. 2022 అక్టోబర్‌లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కి రాత్రి పగలు ఎప్పుడైనా ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

బ్రిటన్‌లో 1958లో ఒకే వారంలో పుట్టిన పిల్లలను జీవితమంతా గమనిస్తూ వచ్చారు. ఏడేళ్ళప్పుడు, పదకొండేళ్ళప్పుడు వేధింపులకు గురైనవాళ్ళలో ఆ జాడ యాభై ఏళ్ళ వయసులోనూ ఆరోగ్యంలో, స్నేహాల్లో, సంపాదనలో కనిపించిందని 2014లో ర్యు తకిజావా బృందం 7,771 మంది వివరాలతో చెప్పింది. "పెద్దయితే వాడే మరిచిపోతడు" అనేవాళ్ళకు ఈ లెక్క వినిపించాలి.

ఇక తల్లిదండ్రుల సమావేశాలు. అవి బాగా పనిచేస్తాయని పరిశోధనలు చెప్తున్నా, మన హాస్టళ్ళలో నెలకోసారి పెట్టే సమావేశానికి పుణె నుంచి, బెంగళూరు నుంచి ఎవరూ రాలేరు. కానీ ఏడాదిలో రెండుసార్లు మాత్రం దాదాపు అందరూ వస్తారు. దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు అయిపోయి హాస్టల్ తెరిచే రోజున, పెట్టె నెత్తిన పెట్టుకుని పిల్లను దింపడానికి వచ్చి, మధ్యాహ్నం బస్సు దాకా గేటు దగ్గర వేపచెట్టు కింద కూర్చుంటారు. ఆ రోజు సంతకం పెట్టించుకుని పంపేయకుండా, అరగంట లోపల కూర్చోబెట్టవచ్చు. కిందటి మూడు నెలల్లో వచ్చిన ఫిర్యాదులెన్ని, వాటి మీద ఏం చేశామో వార్డెన్ చెప్పవచ్చు. పిల్ల ఫోన్ చేసి "మంచిగనే ఉన్న" అంటే తర్వాత ఏం అడగాలో నేర్పవచ్చు. రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ ఎత్తే పెద్ద మనిషి నంబర్ ఒకటి, తల్లి కొంగుకు ముడేసుకునేంత చిన్న చీటీ మీద రాసి ఇవ్వవచ్చు. ఇంత మాత్రం చేయడానికి కొత్త జీఓ ఏదీ రానక్కర్లేదు. వచ్చే దసరా సెలవుల తర్వాత హాస్టల్ తెరిచే రోజునే మొదలుపెట్టవచ్చు.